భూకంపాలు నిజంగా పెరుగుతున్నాయా?

• నూరేళ్ల లెక్కల్లో కానరాని పెరుగుదల
• పెరిగినవి యంత్రాలు, జనాభా, భవనాలు
• కట్టుదిట్టమైన ఇల్లే అసలైన రక్షణ

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లాలో భూమి కంపించింది. రిక్టర్ స్కేలుపై 5.3గా నమోదైన ఆ ప్రకంపనలు వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ ప్రాంతాల దాకా తెలిశాయి. ప్రాణనష్టం జరగలేదు గానీ జనం ఇళ్లలోంచి బయటకు పరుగులు తీశారు. అదే నెల 21 నుంచి 23 వరకు ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలు వరుసగా వచ్చాయి. 2025 మార్చి 28న మయన్మార్‌ను 7.7 తీవ్రత గల భూకంపం కుదిపేసింది. భారత కాలమానం ప్రకారం జులై 30 తెల్లవారుజామున రష్యాలోని కామ్చట్కా తీరంలో 8.8 తీవ్రతతో మరొకటి సంభవించింది. ఎనిమిది నెలల వ్యవధిలో ఇన్ని వార్తలు విన్నవారికి కలిగే సందేహం ఒక్కటే. భూకంపాలు మునుపటి కంటే ఎక్కువవుతున్నాయా?

శాస్త్రవేత్తల జవాబు సూటిగానే ఉంది. ప్రపంచం మొత్తం మీద పెద్ద భూకంపాల సంఖ్య పెరగడం లేదు. మానవ కార్యకలాపాల వల్ల కొన్ని చోట్ల మాత్రం స్థానికంగా ప్రకంపనలు పెరిగిన మాట వాస్తవం. అయితే భూకంపం వస్తే వాటిల్లే నష్టం చాలా ప్రాంతాల్లో పెరిగింది. ఈ మూడు విషయాలను కలగలిపి చూడటం వల్లనే అపోహలు ప్రబలుతున్నాయి.

నూరేళ్ల లెక్క ఇదీ

1900 సంవత్సరం నుంచి లభ్యమవుతున్న రికార్డులను అమెరికా భూగర్భ సర్వే సంస్థ క్రోడీకరించింది. వాటి ప్రకారం 7 లేదా అంతకు మించిన తీవ్రత గల భూకంపాలు ఏటా సగటున 16 వస్తున్నాయి. అందులో 15 దాకా 7 నుంచి 7.9 మధ్య ఉండేవి కాగా, 8 దాటేది సగటున ఏడాదికి ఒకటి.

సగటు అంటే ఏటా సరిగ్గా అన్నే వస్తాయని కాదు. 1988లో 7, 1989లో 6 మాత్రమే పెద్ద భూకంపాలు నమోదయ్యాయి. 2010లో ఆ సంఖ్య 23కు చేరింది. వానలు ఒక ఏడాది ఎక్కువగా, మరో ఏడాది తక్కువగా కురిసినట్లే భూకంపాల సంఖ్యా హెచ్చుతగ్గులకు లోనవుతుంది. రెండు మూడేళ్ల లెక్క చూసి పెరిగాయనడం, రెండేళ్ల కరవును చూసి ఇక వానలే కురవవనడం ఒకటే.

సంఖ్య నిలకడగా ఉండటానికి కారణం భూగర్భంలోనే ఉంది. భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడిపోయి ఉంది. లోపలి వేడి వల్ల అవి ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంటాయి. మన దేశం ఉన్న ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతూ ఆసియా ఖండాన్ని నెడుతోంది. హిమాలయాలు లేచింది ఆ ఒత్తిడితోనే. ఫలకాల అంచుల వద్ద రాళ్లలో పేరుకుపోయిన ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైతే అదే భూకంపం. ఈ కదలిక లక్షల ఏళ్లుగా సాగుతున్నది. మనిషి జీవితకాలంలోనో, నూరేళ్లలోనో దాని వేగం చెప్పుకోదగినంతగా మారదు. కాబట్టి భూకంపాలు ఏకబిగిన పెరిగిపోవడానికి కారణమూ లేదు.

మరి జాబితా ఎందుకు పెరిగింది?

నమోదవుతున్న భూకంపాల సంఖ్య ఏటికేడు పెరుగుతున్న మాట నిజమే. అమెరికా సంస్థ ఆధ్వర్యంలోని భూకంప సమాచార కేంద్రం ఇప్పుడు ఏడాదికి దాదాపు 20 వేల భూకంపాలను, అంటే రోజుకు 55 చొప్పున గుర్తిస్తోంది. అయితే ఇది భూమిలో వచ్చిన మార్పు కాదు, మనం వినే శక్తిలో వచ్చిన మార్పు.

ఎక్కడో దూరదేశంలో వచ్చిన భూకంపాన్ని యంత్రం పసిగట్టిన తొలి సందర్భం 1889లోనిది. ఆ ఏడాది ఏప్రిల్‌లో జపాన్‌లో వచ్చిన భూకంపం జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న పరికరంపై నమోదైంది. భారతదేశంలో 1897 జూన్ 12 నాటి అస్సాం మహా భూకంపం తరువాత, 1898లో కలకత్తాలోని అలీపూర్‌లో తొలి భూకంప పరిశీలన కేంద్రం ఏర్పాటైంది. 1931 నాటికి ప్రపంచమంతటా ఉన్న కేంద్రాలు సుమారు 350 మాత్రమే. సముద్ర గర్భంలోనో, జనసంచారం లేని ఎడారిలోనో ఓ మోస్తరు భూకంపం వస్తే అది ఎవరి లెక్కలోకీ ఎక్కేది కాదు.

1960వ దశకంలో పరిస్థితి మారింది. భూగర్భ అణు పరీక్షలను కనిపెట్టడానికి ఒకే రకమైన మేలు యంత్రాలతో ప్రపంచవ్యాప్త యంత్రాంగాన్ని అమెరికా నెలకొల్పింది. మన దేశంలోని షిల్లాంగ్, ఢిల్లీ, పుణే, కొడైకెనాల్ కేంద్రాలకూ అందులో చోటు దక్కింది. ఇప్పుడు ప్రపంచంలో వేలాది కేంద్రాలు పనిచేస్తున్నాయి. మన జాతీయ యంత్రాంగంలోనే 2014లో 80 కేంద్రాలుండగా, 2025 ఆరంభానికి అవి 160 దాటాయి. వీటికి తోడు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అనగా ఎన్‌జీఆర్‌ఐ, తన సొంత కేంద్రాలను నిర్వహిస్తోంది.

జల్లెడ కన్ను చిన్నదైతే సన్న గింజలూ అందులో నిలుస్తాయి. అంతమాత్రాన పంట పెరిగిందని అనలేం. భూకంపాల జాబితా విషయంలో జరిగిందీ ఇదే. పెరుగుదల అంతా 3, 4 తీవ్రత గల చిన్న వాటిలోనే కనిపిస్తోంది. పాత యంత్రాలకు సైతం దొరికిన 7కు పైబడిన వాటిలో అలాంటి పెరుగుదల లేకపోవడం గమనార్హం.

వార్తలు చేరే వేగమూ ఇందుకు తోడైంది. ఒకప్పుడు దూరదేశపు భూకంపం గురించి మరునాటి పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చేవి. ఇప్పుడు క్షణాల్లో దృశ్యాలతో సహా సెల్‌ఫోన్‌లో ప్రత్యక్షమవుతున్నాయి.

గుంపుగా వచ్చినా లెక్క తప్పలేదు

2004 నుంచి 2012 వరకు భారీ భూకంపాలు తరచుగా వచ్చాయి. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరంలో వచ్చిన 9.1 భూకంపం సునామీని పుట్టించి, పలు దేశాల్లో 2 లక్షల మందికి పైగా ప్రజలను బలిగొన్నది. కోస్తా ఆంధ్ర తీరంలోనూ వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2005లో మళ్లీ సుమత్రా వద్ద 8.6, 2010లో చిలీలో 8.8, 2011 మార్చి 11న జపాన్‌లో 9.1, 2012లో హిందూ మహాసముద్రంలో 8.6 నమోదయ్యాయి. భూమి కొత్త దశలోకి ప్రవేశించిందా అన్న చర్చ అప్పట్లో శాస్త్రవేత్తల నడుమనే సాగింది.

అమెరికాకు చెందిన పీటర్ షీరర్, ఫిలిప్ స్టార్క్ 1900 నుంచి నమోదైన భారీ భూకంపాలను గణాంక పద్ధతిలో పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. ఒక భూకంపం తరువాత అదే ప్రాంతంలో వచ్చే అనంతర ప్రకంపనలను పక్కనపెడితే, మిగిలినవి యాదృచ్ఛికంగా వచ్చే వాటి తీరులోనే ఉన్నాయనీ, ప్రపంచవ్యాప్తంగా ముప్పు పెరిగిందనడానికి ఆధారం లేదనీ వారు తేల్చారు. రూపాయి బిళ్లను వందసార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఐదారు బొమ్మలు పడటం సహజం. దానిని చూసి బిళ్ల మారిపోయిందని అనుకోరాదు.

పాత చరిత్ర చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 1950 ఆగస్టు 15న అస్సాం-టిబెట్ సరిహద్దులో 8.6, 1952లో కామ్చట్కాలో 9.0, 1960లో చిలీలో 9.5, 1964లో అలాస్కాలో 9.2 తీవ్రత గల భూకంపాలు వచ్చాయి. చిలీలో అప్పుడు వచ్చినదే నేటికీ యంత్రాలకు అందిన వాటిలో అతి పెద్దది. 1965 తరువాత 2004 వరకు దాదాపు నలభై ఏళ్లు 8.5 స్థాయి భూకంపం ఒక్కటీ లేదు. 2012 తరువాత కూడా 2025 వరకు ఆ స్థాయిది రాలేదు. గుంపులు, విరామాలు రెండూ ఈ ఆటలో భాగమే.

తెలుగు నేలపై...

తెలుగు రాష్ట్రాలు ఫలకం అంచున గాక నడుమ ఉన్న దక్కను పీఠభూమిపైన, దాని తీరంలోను ఉన్నాయి. అందువల్ల హిమాలయ ప్రాంతంతో పోలిస్తే ఇక్కడ ముప్పు తక్కువ. అయితే తక్కువ అంటే లేదని అర్థం కాదు. గోదావరి లోయలో, ఒంగోలు పరిసరాల్లో ప్రాచీనమైన పగుళ్లున్నాయి. ఫలకం అంచున పుట్టిన ఒత్తిడి ఈ పగుళ్ల దాకా వ్యాపించి అప్పుడప్పుడూ విడుదలవుతుంటుంది.

గడచిన అరవై ఏళ్లలో ప్రధానంగా చెప్పుకోదగినవి:
• 1967 మార్చి 27: ఒంగోలు ప్రాంతం, తీవ్రత 5.4
• 1969 ఏప్రిల్ 13: భద్రాచలం ప్రాంతం, తీవ్రత 5.7
• 2020 జనవరి 26: పులిచింతల జలాశయం పరిసరాలు, తీవ్రత 4.6
• 2024 డిసెంబరు 4: ములుగు జిల్లా, తీవ్రత 5.3

1967, 1969 సంవత్సరాల్లో రెండేళ్ల వ్యవధిలోనే రెండు బలమైన భూకంపాలు వచ్చాయి. నాటి ప్రజలు భూకంపాలు పెరిగిపోతున్నాయని భావించి ఉంటే అందులో వింత లేదు. కానీ ఆ తరువాత గోదావరి లోయలో అంతటి భూకంపం కోసం లెక్క 55 ఏళ్లు ఆగవలసి వచ్చింది. ములుగు భూకంపం కొత్త ధోరణికి నాంది కాదు. పాత పగులు తన పాత పద్ధతిలోనే మరోసారి కదిలిందని మాత్రమే దానిని బట్టి చెప్పగలం.

మనిషి చేతులున్న చోట

ప్రపంచ సగటు మారకపోయినా, కొన్ని ప్రాంతాల్లో భూకంపాలు నిజంగానే పెరిగాయి. అక్కడ కారణం మనిషే. మహారాష్ట్రలోని కొయ్నా ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. 1960వ దశకం ఆరంభంలో అక్కడి జలాశయంలో నీరు నింపడం మొదలైన తరువాత ప్రకంపనలు కనిపించసాగాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో భూకంపం సంభవించి రమారమి 200 మంది మరణించారు. జలాశయం కారణంగా ప్రేరేపితమైన భూకంపాల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా దీనిని పరిగణిస్తారు. ఎన్‌జీఆర్‌ఐ మాజీ డైరెక్టర్ డాక్టర్ హర్ష్ గుప్తా దశాబ్దాల తరబడి దీనిపై పరిశోధన సాగించారు. నీటి బరువు కంటే, రాతి పగుళ్లలోకి ఇంకిన నీటి పీడనం అక్కడి పట్టును సడలించడమే ముఖ్యమైన కారణమని శాస్త్రవేత్తలు వివరిస్తారు. అప్పటికే ఒత్తిడి పేరుకున్న పగులు ఉన్నచోటే ఇలా జరుగుతుంది. అందుకే ప్రతి ఆనకట్టా భూకంపం తేదు.

అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం మరో ఉదాహరణ. 2008కి ముందు అక్కడ 3కు మించిన ప్రకంపనలు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. చమురు బావుల నుంచి వెలువడిన ఉప్పు నీటిని లోతైన పొరల్లోకి భారీగా ఎక్కించడంతో 2015 నాటికి అవి దాదాపు 900కు చేరాయి. 2016 సెప్టెంబరు 3న 5.8 తీవ్రత గల భూకంపం కూడా వచ్చింది. ప్రభుత్వం ఆంక్షలు విధించి నీరు ఎక్కించడాన్ని తగ్గించిన మీదట ప్రకంపనలు బాగా తగ్గుముఖం పట్టాయి. కారణం తొలగితే ఫలితం తగ్గుతుందనడానికి ఇది నిదర్శనం.

పెరిగింది నష్టమే

1900లో ప్రపంచ జనాభా సుమారు 160 కోట్లు. 2022 నవంబరులో అది 800 కోట్లకు చేరింది. ఒకనాడు పొలాలున్న చోట నేడు పట్టణాలున్నాయి, ఒక అంతస్తు ఉన్న చోట ఐదు అంతస్తులు లేచాయి. అదే భూకంపం అదే చోట మళ్లీ వస్తే దాని కింద ఉండే మనుషులు ఇప్పుడు ఎన్నో రెట్లు ఎక్కువ.

భూకంపం మనుషులను నేరుగా చంపడం అరుదు. చంపేది కూలిన గోడ, కుంగిన కప్పు. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపంలో లక్షకు పైగా ప్రజలు మరణించారు. మరుసటి నెల చిలీలో దానికంటే సుమారు 500 రెట్లు అధిక శక్తితో 8.8 భూకంపం వచ్చినా మృతులు ఐదు వందల పైచిలుకు. భూకంపాన్ని తట్టుకునేలా కట్టాలన్న నిబంధనలను చిలీ ఏళ్ల తరబడి అమలు చేస్తూ రావడమే ఈ తేడాకు ప్రధాన కారణం.

మనకు పొరుగున మరాఠ్వాడాలో జరిగిన ఘోరం ఇంకా అనేకులకు గుర్తుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. తీవ్రత 6.2 మాత్రమే. అయినా దాదాపు 10 వేల మంది అసువులు బాశారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపై బరువైన మట్టి కప్పులు నిద్రిస్తున్న వారిపై విరుచుకుపడ్డాయి. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ముప్పున్న ఒకటో మండలంలో ఉండేది. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఒకటో మండలాన్నే తొలగించి రెండో మండలంలో కలిపారు. ముప్పు బొత్తిగా లేని ప్రాంతమంటూ దేశంలో లేదని ఆ సవరణ చెప్పకనే చెప్పింది. ఆ పటం ప్రకారం తెలుగు జిల్లాలు రెండు, మూడు మండలాల్లోకి వచ్చాయి.

2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ వద్ద 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపంలో 13 వేల మందికి పైగా మరణించారు. కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో సైతం బహుళ అంతస్తుల భవనాలు అనేకం నేలమట్టమయ్యాయి. కింది అంతస్తును వాహనాల కోసం గోడలు లేకుండా వదిలి, పిల్లర్లపై భారమంతా మోపిన భవనాలు వాటిలో ఎక్కువ. మన పట్టణాల్లోని అపార్ట్‌మెంట్లలోనూ ఇదే నమూనా విరివిగా కనిపిస్తుంది.

ఇల్లు కట్టేవారు గమనించవలసినవి

• ఇటుక గోడల ఇంటికి పునాది స్థాయిలో, తలుపులు కిటికీల పైన, కప్పు కింద ఇనుప కడ్డీలతో కూడిన కాంక్రీటు పట్టీ ఇంటి చుట్టూ తెగకుండా సాగాలి. పెట్టెకు కట్టిన తాడులా అది నాలుగు గోడలను పట్టి ఉంచుతుంది.
• రాతిగోడ కట్టేటప్పుడు గోడ మందం మొత్తం పట్టేంత పొడవైన రాళ్లను అక్కడక్కడా అడ్డంగా వేయించాలి. లేకుంటే గోడ రెండు పొరలుగా విడిపోయి కూలుతుంది.
• తలుపులు, కిటికీలను గోడ మూలలకు మరీ దగ్గరగా పెట్టరాదు.
• పిల్లర్లలో నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగుల కొసలను లోపలికి వంచాలి. స్లాబుకు, బీముకు దగ్గరగా రింగులను మరింత ఒత్తుగా వేయాలి.
• కింద పార్కింగు వదిలే భవనాలకు ఇంజినీరు లెక్క ప్రకారం అదనపు గోడలు లేదా బలమైన పిల్లర్లు ఉండి తీరాలి. ఉన్న భవనంపై అనుమతి లేకుండా మరో అంతస్తు వేయడం ప్రమాదకరం.
• బీరువాలను, అటకపై బరువులను గోడకు కదలకుండా బిగించాలి.

మట్టి ఇళ్లు మొదలు కాంక్రీటు భవనాల దాకా పాటించవలసిన నియమాలను భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించి ఉంచింది. కొత్త ఇంటికి వీటి వల్ల పెరిగే ఖర్చు, కూలిన ఇంటిని తిరిగి కట్టే ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

అపోహలు – వాస్తవాలు

చిన్న ప్రకంపనలు వస్తే పెద్ద ముప్పు తప్పినట్లేనా?
కాదు. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 6 తీవ్రత గల భూకంపపు శక్తి విడుదల కావాలంటే 4 తీవ్రత గలవి వెయ్యి రావాలి. చిన్నవాటితో ఆ ఒత్తిడి తీరిపోదు.

చిన్నవి వస్తే తప్పక పెద్దది వస్తుందా?
ఆ నియమమూ లేదు. ఎక్కువ సందర్భాల్లో చిన్న ప్రకంపనలు వాటంతటవే సద్దుమణుగుతాయి.

భూకంపాన్ని ముందుగా చెప్పగలరా?
ఏ రోజున, ఎక్కడ, ఎంత తీవ్రతతో వస్తుందో నమ్మకంగా చెప్పే పద్ధతి ఇంతవరకు లేదు. గ్రహాల కూటమినో, గ్రహణాన్నో చూపి తేదీలు చెప్పేవారి మాటలు నమ్మనవసరం లేదు. కొన్ని దేశాల్లోని హెచ్చరిక వ్యవస్థలు భూకంపం మొదలైన తరువాత, బలమైన తరంగాలు చేరేలోగా కొన్ని సెకన్ల వ్యవధి మాత్రమే ఇస్తాయి.

కంపించినప్పుడు ఏం చేయాలి?
ఇంట్లో ఉంటే బలమైన బల్ల కింద చేరి, తల కాపాడుకుంటూ దానిని పట్టుకుని ఉండాలి. మెట్ల మీదుగా పరుగులు తీయరాదు, లిఫ్టు వాడరాదు. ఆరుబయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా నిలవాలి. మట్టితో పేర్చిన పాత రాతి ఇంట్లో గుమ్మానికి చేరువలో ఉన్నవారు వెంటనే బయటకు రావడం మేలు.

భూకంపాల సంఖ్యను తగ్గించడం ఎవరి చేతుల్లోనూ లేదు. వాటి ధాటికి నిలిచే ఇంటిని కట్టుకోవడం మాత్రం మన చేతుల్లోని పనే. పగుళ్లిచ్చిన పాత పాఠశాల గదులు, శిథిలావస్థలో ఉన్న ఆసుపత్రి భవనాలు, అనుమతికి మించి లేచిన అంతస్తులు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. ప్రకంపన వచ్చిన రోజున కాక, భూమి నిశ్చలంగా ఉన్న రోజుల్లోనే వాటిని సరిచూసుకోవలసి ఉంది. ఇల్లు కట్టించేవారు మేస్త్రీతో ధర మాట్లాడే ముందే రింగులు, పట్టీల సంగతి మాట్లాడుకోవడం, అనుమతులిచ్చే అధికారులు కాగితంపై ఉన్న నియమం గోడలోనూ ఉందో లేదో చూడటం తక్షణావసరం.